ఎనిమిదిలో రెండు

2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీట్‌కని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కొత్తచెరువు జిల్లా పరిషత్ హైస్కూలుకొచ్చారు. మాస్టారై వనరుల మీద పాఠం కూడా చెప్పారు. మంత్రి లోకేశ్ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని విన్నారు. అది లెక్కల పీరియడ్ అయ్యుంటే ఇంకా రక్తికట్టేది!

ఎందుకంటే ఒక లెక్క తేలకుండా ఉంది. మైకు దొరికితే చాలు, పరిశ్రమల పెద్దలు 'గణితం, సైన్సు గట్టిగా వచ్చిన పిల్లలు కావాలి, సర్కారు బడికి ఇంకా ఖర్చుపెట్టాలి' అంటారు. భేష్. 2019 సెప్టెంబరులో మినహాయింపులు వదులుకునే కంపెనీలకు ఆదాయపు పన్ను మూల రేటు 30 శాతం నుంచి 22కు దిగింది. అప్పుడూ భేష్ అన్నది వాళ్లే. ఇక 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు తీయాలి. బడికి నాలుగు బెంచీలు, వాటికన్నా పెద్ద అక్షరాల్లో దాత పేరు అందులోంచే.

ఆరో తరగతి బుడ్డోడి సందేహం: "సార్, ఎనిమిది మిగుల్చుకుని రెండిస్తే దానమంటారా, చిల్లరంటారా?"

చదువుకు జాతీయాదాయంలో 6 శాతం పెట్టమని కొఠారి కమిషన్ 1966లో చెప్పింది. 2020 విద్యా విధానం మళ్లీ అదే చెప్పింది. యాభై నాలుగేళ్ల తర్వాతా అదే హోంవర్కు!

చెరువు నిండితే కప్పలు చేరతాయంటారు. చేరేందుకు కప్పలు సిద్ధమే. నింపే బిందె ఎవరిదంటేనే బెకబెక.