పనికిరాని గోలు

2024 ఆగస్టు. అమలాపురంలో ముసురు వదల్లేదు. హైస్కూలు గ్రౌండులో నీళ్లు నిలిచాయి. డ్రిల్లు పీరియడు క్లాసులోనే గడపాల్సొచ్చింది.

పిల్లలు దిగాలుగా ఉన్నారు. పారిస్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్లో సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయింది. సాత్విక్‌ది అమలాపురమే.

"మన తెలుగునేల నుంచి ఒలింపిక్స్‌లో ఆడినోళ్లు ఇంకెవర్రా?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

సింధు అన్నారు. మల్లీశ్వరి అన్నారు.

"ఫుట్‌బాల్లో?"

ఎవరూ నోరెత్తలేదు. మాస్టారు బోర్డు మీద రాశారు: తులసీదాస్ బలరాం.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన కుర్రాడు. లేనింటి బిడ్డ. ఆడుకోవడానికి బూట్లు కావాలని తల్లిని అడిగాడు. కొత్తవి కొనే తాహతు లేదు. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో ఒక జత కుట్టించుకున్నాడు.

క్లాసు అక్కడే ఆగిపోయింది.

"కరవ్వాండి?" అడిగాడొకడు.

"కరిచే ఉంటాయిరా."

"ఆయ్, వానలో తోలు నానితే బరువెక్కిపోద్దండి," అన్నాడు పక్కవాడు. "కాలు లేవదండి."

బల్లల కింద చెప్పులున్న పాదాలూ లేని పాదాలూ కదిలాయి. మాస్టారు ఆ చర్చ తేలేదాకా ఊరుకున్నారు.

తర్వాత కథ త్వరగానే చెప్పారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడ్డాడు బలరాం. 20 ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. మరుసటేడే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవాల్సొచ్చింది.

"ఇప్పుడెక్కడున్నారండి?"

"నిరుడు ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయారు. 86 ఏళ్లు."

మాస్టారు మళ్లీ వెనక్కెళ్లారు. 1960, రోమ్ ఒలింపిక్స్. మొదటి ఆట హంగరీతో. అవతల ఆల్బర్ట్ ఉన్నాడు, ఏడేళ్ల తర్వాత యూరప్ మేటి ఆటగాడనిపించుకున్నవాడు. మనవాళ్లు రెండు గోల్స్ వెనకబడ్డారు. 79వ నిమిషంలో బలరాం ఒకటి కొట్టారు. 2-1తో ఓడిపోయాం. రెండో ఆట ఫ్రాన్స్‌తో. పీకే బెనర్జీ గోలుతో గెలుపు చేతికొచ్చిందనుకుంటుంటే, ఇంకో ఎనిమిది నిమిషాలుందనగా వాళ్లు సమం చేశారు.

"అయ్యో!" అంది క్లాసు. ఫలితం తేలి 64 ఏళ్లయినా సరే.

మూడో ఆట పెరూతో. రోమ్ ఒలింపిక్స్ అన్నమాటే గానీ ఆడింది పెస్కారాలో, సముద్రపొడ్డు ఊళ్లో. సెప్టెంబరు 1. పెరూ మూడు గోల్స్ కొట్టింది. ఆట ముగియబోతుండగా బలరాం ఒకటి కొట్టారు. 3-1. మనవాళ్లు ఇంటిదారి పట్టారు.

వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"అప్పటికే ఓడిపోయాం కదండి. ఇంకా ఆ గోలు దేనికి పనికొచ్చిందండి?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వు ఆగేదాకా చూశారు.

"ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో మన దేశానికి ఇప్పటికీ ఆఖరి గోలు అదేరా."