రంగు ఎవరు కొనవలెను?

గృహస్థునకు పంచమహాయజ్ఞములను విధించిన స్మృతికారులు, సంక్రాంతికి ముందో, ఇంట పెండ్లి కుదిరిన మఱునాడో తప్పక సంభవించు ఆఱవ యజ్ఞమును గూర్చి, అనగా గోడలకు రంగు వేయించుటను గూర్చి, ఒక్క ముక్కయైనను వ్రాసిపెట్టకపోయిరి. వారిని నిందింప పనిలేదు. మా తాతగారి కాలము వఱకును సామాన్యుని గోడకు సున్నమే గతి. గతి యొక్కటియే అయినచోట వివాదమునకు తావెక్కడిది?

గుల్లసున్నమును గాబులో వేసి నీళ్లు పోయగా అది కుతకుత ఉడికి, రాత్రంతయు నాని, తెల్లవాఱునప్పటికి చల్లబడి యుండెడిది. దానిని బట్టలో వడగట్టి, కాసింత తుమ్మజిగురును, చిటికెడు నీలిమందును కలిపి, మొగలి ఊడను నలుగగొట్టి చేసిన కుంచెతో పూసెడివారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఆ సున్నము క్రమక్రమముగా రాయియై గోడను పట్టుకొనెడిది. ఆనుకొని కూర్చున్నవాని వీపును గూడ అంతో యింతో పట్టుకొనెడిది గాని, దానిని ఎవరును దోషముగా గణించినవారు కారు.

నేటి గృహస్థుని చిక్కు వేఱు: ఏ రంగు, ఎవరు కొనవలెనని. బ్రిటన్‌లో రంగు డబ్బాలకు ట్రేడ్, రిటైల్ అను రెండు వర్ణములు కలవు. మొదటిది వృత్తిగా రంగులు వేయువారికి, రెండవది సెలవునాడు తానే నిచ్చెన యెక్కు గృహస్థునకు. వృత్తివారి దుకాణములలో ధరను వ్యాట్ కలుపకుండ చూపుట ఆచారము గనుక, చౌకయని మురిసిన గృహస్థు గల్లాపెట్టె ముందు తెలివి తెచ్చుకొనును. మన దేశమున ఈ భేదము డబ్బాపై గానరాదు. దుకాణమునకు పోయిన మనిషిని బట్టి యుండును.

మా వీధి రంగుల మేస్త్రి, వైద్యుడు రొమ్ము తట్టి చూచినట్లు గోడను వ్రేలి కణుపుతో తట్టి, చెవి యొగ్గి విని, “లేబరొక్కటేనా సార్, మెటీరియల్‌తో కలిపి ఇచ్చేస్తారా?” అని అడిగెను. ప్రశ్న చిన్నదే గాని అందు గృహస్థుని భవిష్యత్తంతయు ఇమిడియున్నది. మెటీరియల్‌తో ననినచో, అడుగు లెక్కన బేరము కుదిరి మనము నిశ్చింతగా నిద్రింపవచ్చును. కాని వసారాలో వెలసిన బకెట్టులోనిది ఏ తరగతి రంగో, అది యెన్ని చెంబుల నీటితో సంగమించినదో ఆ బకెట్టునకే యెఱుక. లేబరొక్కటే యనినచో చీటీ సిద్ధము: లప్పం రెండు బస్తాలు, ప్రైమరు, గరుకు కాగితము, ఎమల్షను 20 లీటర్లు.

గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. నాలుగు గోడలు కలిసి 440 చదరపు అడుగులు. లీటరు రంగు రెండు పూతలకు 100 చదరపు అడుగులే వచ్చునని పిసినారిగా లెక్కించినను నాలుగున్నర లీటర్లతో పని తీరవలెను. ఈ లెక్క విని మేస్త్రి నన్ను జాలిగా చూచి, “కాగితం మీద బాగానే ఉంటుంది సార్, గోడ తాగుతుంది కదా!” అనెను. ప్రైమరు పట్టని గోడ త్రాగుట నిజమే. కాని మిగిలిన 15 లీటర్లును త్రాగి, తూలకుండ నిలుచు గోడను నేనింతవఱకు చూచి యెఱుగను.

ఈ ఔదార్యమునకు కారణము డబ్బా తెఱచిన గాని తెలియదు. అనేక రంగుల డబ్బాలలో వేయువారి నిమిత్తము ఒక టోకెను ఉంచుదురు. దానికి రొక్కమో బహుమానమో లభించును. డబ్బు చెల్లించువాడు యజమాని, టోకెను పొందువాడు మేస్త్రి. కుంచెకు రంగు తగులక మునుపే ఆయన రెండు వ్రేళ్లు మూత అంచున సంచరించి, కృతార్థములై జేబులోనికి మరలుటను నేను అరుగుపై కూర్చుండి కన్నులార గాంచితిని. ఆయన తడబడలేదు. “అవి మా చాయ్ ఖర్చులు సార్” అనెను.

ఇక లోపలి సరుకు మాట. తెలుపునకును, పాత మరకలను కప్పు శక్తికిని మూలమైన టైటానియం డయాక్సైడు ఖరీదైన పదార్థము. చౌకరంగులో దాని పాలు తగ్గి సుద్ద పాలు హెచ్చును. గోడను అంటిపెట్టుకొను జిగురును పలుచనగును. అందుచేత రెండు పూతలతో తీరవలసినది మూడవ పూతను కోరును, మూడవ పూత మఱల కూలిని కోరును. తడిబట్టతో తుడిచినచో మరకతోపాటు రంగును ఊడివచ్చును. అయితే ఉత్తమమైన రంగును సైతము, డబ్బాపై వ్రాసిన కొలతను మించి నీరు పోసి, గడియలో చౌకరంగుగా చేయవచ్చును. కావున ఏ రంగు కొంటిమను ప్రశ్నకంటె, బకెట్టు ప్రక్కన చెంబు పట్టి యెవరు నిలిచిరను ప్రశ్నయే ప్రధానము.

ఇన్నియు విచారించి నేను చేసికొన్న సిద్ధాంతమిది: రంగును యజమాని కొనవలెను, టోకెనును మేస్త్రికి సంతోషముగా సమర్పింపవలెను, చెంబు మాత్రము ఇల్లాలి అధీనమున నుండవలెను. మేస్త్రి దీనిని శ్రద్ధగా విని, ఆవంతయు ఆక్షేపింపక, “అలాగే సార్. అమ్మగారు ఎలాగూ చూసుకుంటారు గాబట్టి, లప్పం ఇంకో బస్తా చెప్పమనండి” అని మనవి చేసికొనెను.