దుబాయి మామ

లాల్ దర్వాజా నుంచి ఛత్రినాక వైపు పోయే గల్లీలో నాదొక జిరాక్స్ షాపు. పాస్‌పోర్టు అప్లికేషన్లు, బండి ట్రాన్స్‌ఫర్ ఫారాలు, పెళ్లి కార్డులు అన్నీ చేస్తాను. పాతబస్తీలో ఇలాంటి షాపు పెట్టుకున్నవాడికి ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరూ చెప్పక్కర్లేదు, కాగితాలే చెప్పేస్తాయి. ఇక్కడివాళ్ల గల్ఫ్ ప్రయాణాలు 1970లలో చమురు ధర పెరిగిన నాటి నుంచీ సాగుతూనే ఉన్నాయి. బార్కాస్, చాంద్రాయణగుట్ట వైపు వాళ్ల సంగతి అందరికీ తెలుసు. మా వైపు తెలుగిళ్లలోంచి వెళ్లినవాళ్లూ తక్కువేం కాదు.

మా గల్లీ అన్న ఒకాయన దుబాయిలో పన్నెండేళ్లు చేశాడు. అల్ ఖూజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో కార్లకు స్ప్రే పెయింట్ కొట్టే పని. చేతిలో మంచి పనితనం ఉంది. కారు తయారవగానే దాని పక్కన నిలబడి ఒక ఫొటో దిగి ఇంటికి పంపేవాడు. తాను కొట్టిన రంగు ఎంత నున్నగా వచ్చిందో చూపించాలని ఆయన ఆశ. గల్లీలో చూసినవాళ్లకు మాత్రం రంగు కనపడలేదు, కారు కనపడింది. ఒకసారి తెల్లది, ఒకసారి నల్లది, ఒకసారి చాక్లెట్ రంగుది. ‘దుబాయాయన’ కార్లు మారుస్తున్నాడని చెప్పుకున్నారు.

ఆయన క్యాంపు నుంచి గ్యారేజీకి పోయేది సైకిల్ మీద.

ఈ సంగతి ఆయన ఛుట్టీకి వచ్చినప్పుడు నా షాపులో స్టూలు మీద కూర్చుని చెప్పాడు. గ్యారేజీ చిన్నది, కంపెనీ బస్సు లేదు. సిటీ బస్సెక్కితే ఎంత దగ్గరైనా ఒకవైపుకు 3 దిర్హమ్‌లు. రానూ పోనూ 6. నెలకు 26 డ్యూటీలకు 156 దిర్హమ్‌లు, అప్పటి లెక్కన మన డబ్బులో మూడు వేల నాలుగు వందల పైచిలుకు. “గా పైసలతోని ఇంట్ల బియ్యం వస్తయ్ తమ్మీ” అన్నాడు. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలుంది, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు. గ్యారేజీ రేకుల కింద ఉంటుంది కాబట్టి ఆ రూలు ఆయనకు వర్తించదు. హెల్మెట్, మెరిసే జాకెట్ లేకుండా సైకిలెక్కితే జరిమానా. వేగం 60 దాటే రోడ్డెక్కితే 300 దిర్హమ్‌లు. అందుకని పెద్ద రోడ్డు వదిలి, గోదాముల వెనక సందుల్లో చుట్టూ తిరిగి పోయేవాడు.

సైకిల్ కూడా కొన్నది కాదు. అదే గ్యారేజీలో డెంటింగ్ పని చేసిన ఫిలిప్పీన్స్ అతను ఊరికి వెళ్లిపోతూ ఇచ్చిపోయాడు. అతను ఇంటికి పెద్ద పెద్ద అట్టపెట్టెల నిండా సబ్బులు, చాక్లెట్లు, పిల్లల బూట్లు నింపి పంపేవాడట. తాను సైకిల్ మీద తిరుగుతున్నానని ఇంట్లో ఏనాడూ చెప్పలేదట.

“నువ్వు గూడ మా ఇంట్ల చెప్పకు తమ్మీ. బిడ్డ ఏడుస్తది” అన్నాడు అన్న.

నేను చెప్పలేదు.

ఆ బిడ్డకే సంబంధం కుదిరింది. పిల్లవాడికి మొబైల్ షాపులో ఉద్యోగం. డబ్బు, బంగారం మాటలయ్యాక వాళ్ల పెద్దమనిషి అడిగాడట, “మామ దుబాయిల ఉండె. కారు పెట్టలేడా?” అని. అన్న అక్కడి నుంచి నాకు ఫోన్ చేశాడు, కార్డులో పేర్లు ఎలా రావాలో చెప్పడానికి. కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమే, 1961 నుంచీ చట్టం ఉంది, ఒక్కసారి గట్టిగా కాదని చూడమన్నాను. అవతల కాసేపు కంప్రెసర్ చప్పుడే వినిపించింది. “చట్టమొచ్చి నా బిడ్డ పెండ్లి జేస్తదా?” అన్నాడు. క్యాంపులో వేసుకున్న చిట్టీ ఎత్తాడు, మిగతాది అప్పు తెచ్చాడు. మండపం ముందు పూలదండ వేసుకుని కొత్త కారు నిలబడింది. పెళ్లి మూడో రోజునే అన్న విమానమెక్కాడు.

అప్పు తీర్చడానికి ఆయన అక్కడ ఓవర్‌టైమ్ చేశాడు. పెయింట్ బూత్‌లో మాస్కు పెట్టుకున్నా ఆ పొగ లోపలికి పోతూనే ఉంటుంది. దగ్గు పట్టుకుంది. సందులో సైకిల్ తొక్కుతూ మధ్యలో దిగి గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చేదట.

ఇక్కడ అల్లుడికి ఆ కారు అచ్చిరాలేదు. వాళ్ల గల్లీలో దాన్ని పెట్టుకునే జాగా లేదు. జీతంలో పెట్రోలుకు మిగలదు. క్యాబ్‌గా తిప్పుదామని చూశాడు, అదీ నడవలేదు. ఒకరోజు పొద్దున్నే షాపు తెరవగానే వచ్చి నా ముందు రెండు కాగితాల కట్టలు పెట్టాడు. ఒకటి కారు ఆర్‌సీ, దాంతో 29, 30 నంబరు ఫారాలు. కారు అమ్మేస్తున్నాడు. రెండోది పాస్‌పోర్టు, వీసా కాపీ.

ఏజెంటుకు ఎంత ఇస్తున్నావని అడిగాను. లక్షన్నర అన్నాడు. సర్కారు పెట్టిన పరిమితి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి ఒక్క రూపాయి అడగకూడదని చెప్పాను. “అట్లంటే పని అయితదా అన్నా?” అన్నాడు. పిల్లవాడు పదో తరగతి తప్పాడు, అందుకని ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దానికి ప్రవాసీ భారతీయ బీమా కావాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు 10 లక్షలు. నామినీ గడిలో భార్య పేరు రాస్తూ వీసా కాపీ మీద కంపెనీ పేరు చూశాను. నాకు బాగా తెలిసిన పేరే. పన్నెండేళ్లుగా అన్న కాగితాల మీద నేను చూస్తూ వచ్చిన గ్యారేజీ పేరు.

“మామనే ఇప్పించిండు అన్నా. ఆయనకు పానం మంచిగ ఉంటలేదు, వచ్చేస్తున్నడు. ఆయన జాగల నేను” అన్నాడు. లేవబోతూ, గొంతు తగ్గించి అడిగాడు. “అన్నా, మామ అక్కడ కారు అమ్మేసి వస్తడా, నాకు వదిలేసి వస్తడా? నీకేమన్న చెప్పిండా?”

జవాబు నా నోటిదాకా వచ్చింది. కానీ మాటిచ్చి ఉన్నాను. “బండి నీకే ఇస్తడు” అన్నాను.

రెండు నెలలకు అన్న వచ్చేశాడు. మనిషి సగమయ్యాడు. సైకిల్ చూసి అల్లుడు ఏమన్నాడని అడిగాను.

“ఏమనలే తమ్మీ. శానసేపు చూసిండు. తర్వాత టైర్లల్ల గాలి చూస్కున్నడు.”

ఇప్పుడు అల్లుడు డ్యూటీకి పోయేది ఆ సైకిల్ మీదే. మొన్న రంగేసిన కారు పక్కన నిలబడి ఫొటో దిగి పంపాడు. అది గల్లీ అంతా తిరిగింది.

పోయిన వారం అతని చెల్లెలికి సంబంధం వచ్చింది. వాళ్లు కారు అడుగుతున్నారు.