కొత్తవాడ జంపఖానా లంకకు పోయిన కథ

నేను పుట్టింది వరంగల్ కొత్తవాడలో, గుంట మగ్గం మీద. ఎర్ర చారలు, నీలి అంచు. 2018లో మా వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, అప్పటికే మావాళ్ళు పెండ్లిళ్ళల్లో, సభల్లో అందరి కాళ్ళ కిందా నలిగి ఉన్నారు. నేను చిన్న సైజు కాబట్టి బతికిపోయాను. నీటిపారుదల శాఖలో రిటైరైన ఒక సారు నన్ను కొని, ఎటు పోయినా బ్యాగులో కుక్కి తీసుకుపోయేవాడు.

సారుకు శ్రీలంక అంటే ప్రాణం. మొదటిసారి పోయింది బుద్ధుడి కోసం కాదు, చెరువుల కోసం. పాకాల, లక్నవరం కట్టల మీద తిరిగిన మనిషి మరి! అనురాధపురం జిల్లాలో కలావెవ కట్ట మీద నన్ను పరిచి కూర్చున్నాడు. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించిన చెరువది. దాన్నుంచి అనురాధపురానికి పోయే కాలువ దాదాపు 87 కిలోమీటర్లు. మొదట్లో కొంత దూరం మైలుకు ఆరంగుళాల వాలే. "లెవెల్ మిషన్ లేకుండ ఎట్ల తవ్విన్రు?" అని సారు నన్నే అడిగాడు. పడుగూ పేకా తప్ప నాకేం తెలుసు?

దగ్గర్లోనే అవుకన బుద్ధుడు, సుమారు 40 అడుగుల రాతి విగ్రహం. దాని నమూనా మన నాగార్జునసాగర్ బుద్ధవనంలోనూ ఉంది. మనకూ లంకకూ మధ్య రాకపోకలు నిన్నా మొన్నటివి కావు. మూడో శతాబ్దంలోనే నాగార్జునకొండలో లంక భిక్షువుల కోసం బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది.

నాకు మాత్రం విగ్రహాల కన్నా మనుషులే గుర్తు. పోయ, అంటే పౌర్ణమి. ఆ రోజు అనురాధపురం బోధివృక్షం చుట్టూ ఇసుకలో ఎటు చూసినా తెల్లబట్టలే. శీలం, అంటే బౌద్ధ నియమాలు పట్టినవాళ్ళు మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టరు. నడుం పట్టేసిన ఒక ముసలమ్మకు సారు నన్ను పరిచి ఇచ్చాడు. సాయంత్రం ఆమె నన్ను నాలుగుసార్లు దులిపి, అంచుకు అంచు కలిపి మడిచి, రెండు చేతులతో అందించింది. సారు ఏనాడూ నన్నంత పద్ధతిగా మడవలేదు. ఇక వెసక్, అంటే బుద్ధపూర్ణిమ పండుగకు రోడ్ల పక్కన దన్సల్ పందిళ్ళు వేసి, బండ్లు ఆపి మరీ అన్నం పెడతారు.

అందరూ శాంతమూర్తులేనని నేననను. 1983లో మొదలైన అంతర్యుద్ధం 2009 దాకా నడిచిన దేశమే అది. సారుకూ తెలుసు. అయినా వీసా దొరికితే చాలు, మళ్ళీ బయల్దేరేవాడు.

అట్లా ఒకసారి తంబుత్తేగమ దగ్గరి కుడాగమకు పోయాం. అక్కడ అహికుంటకులు ఉంటారు. ఒకప్పుడు పాములాడిస్తూ, చేతులు చూసి జాతకం చెబుతూ, గాడిదల మీద సామాను వేసుకుని ఊరూరా తిరిగినవాళ్ళు. ఇంట్లో వాళ్ళ మాట తెలుగు! మన యాస కాదు, రాత తెలియదు, అయినా తెలుగే. సారు నోట తెలుగు వినగానే ఇంటిల్లిపాదీ వచ్చి నా మీద కూర్చున్నారు. పెద్దవాళ్ళు గలగలా మాట్లాడారు. బడి పిల్లలు మాత్రం సింహళంలోనే బదులిచ్చారు.

వరంగల్ నుంచి లంకకు పోయేవాళ్ళారా, కొలంబో షాపింగుతోనే సరిపెట్టుకుని తిరిగి రాకండి. అనురాధపురం దాకా పోతే కుడాగమలో ఒక పూట ఆగండి. ఆ పిల్లలకు రెండు తెలుగు బొమ్మల పుస్తకాలు పట్టుకుపోండి.