రోడ్డు టాక్స్ లేదు, రోడ్డూ లేదు

తెలంగాణ ప్రభుత్వాన్ని జనం ఊరికే ఆడిపోసుకుంటారు గానీ దాని న్యాయబుద్ధి ఎవరికీ అర్థం కాదు. 2024 నవంబర్ 18 నుంచి రాష్ట్రంలో కరెంటు కార్లకు రోడ్డు టాక్స్ మాఫీ, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. కాలుష్యం తగ్గించడానికే ఇదంతా అని సర్కారు వారి మాట. అసలు కారణం వికారాబాద్ జిల్లా తాండూరు వాళ్లను అడిగితే చెబుతారు. రోడ్డే లేనప్పుడు రోడ్డు టాక్స్ ఏ మొహం పెట్టుకుని వసూలు చేస్తారు?

ఈ ధర్మసూక్ష్మం తెలిసిన రోజు నుంచి తాండూరులో మాకు తెలిసిన కందుల అడ్తి సేటు కరెంటు కారు కొనే పనిలో పడ్డాడు. పోటీలో మిగిలినవి రెండు: టాటా హారియర్ ఈవీ, మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకుది మహీంద్రా పార్టీ. బామ్మర్దిది టాటా పార్టీ. సేటు మాత్రం మన ఎమ్మెల్యేల్లాగా ఫలితాలు వచ్చాక ఏ పార్టీయో చెబుతానన్నాడు. పంచాయితీ పెద్దగా నన్ను కూచోబెట్టారు. నాకు కారు లేదు కాబట్టి పక్షపాతం ఉండదట.

మొదట ధర. ఎక్స్‌ఈవీ 9ఈ విడుదలైనప్పుడు 21.90 లక్షల నుంచి 30.50 లక్షల దాకా. హారియర్ ఈవీ వచ్చినప్పుడు 21.49 లక్షల నుంచి మొదలు. నాలుగు చక్రాలూ లాగే మోడల్ 28.99 లక్షలు. ఇంటి ఛార్జర్ లెక్క వేరే. సేటుకు లక్షల్లో చెబితే ఎక్కదు. కాలిక్యులేటర్ తీసి 2025–26 మద్దతు ధర క్వింటాలు 8,000తో భాగించాడు. "అది 381 క్వింటాళ్లు, ఇది 362" అన్నాడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రైతుకు ఆ గుర్తింపు వల్ల ఏమొచ్చిందో గానీ, కారు ధర కొలవడానికి మాత్రం ఒక ప్రమాణం దొరికింది.

తర్వాత స్థానికత. మన దగ్గర అది లేకుండా ఏ ఎంపికా జరగదు. "మహీంద్రా మనోళ్లది మామా, జహీరాబాద్‌ల ట్రాక్టర్లు చేస్తలేరా? ఇట్ల పోతే అట్ల వస్తది" అన్నాడు కొడుకు. "టాటాలు ఆదిబట్లల హెలికాప్టర్ల బాడీలు చేస్తున్నరు. మనం నిన్నమొన్నటి దాక రంగారెడ్డి జిల్లానే కదరా" అన్నాడు బామ్మర్ది. 2016లో విడిపోయిన జిల్లాను కారు కోసం మళ్లీ కలిపేశాడు. రెండు కార్లూ తయారయ్యేది పుణె వైపేనని నేను చెప్పాను. ఇద్దరూ నన్ను ఆంధ్రావాణ్ని చూసినట్టు చూశారు.

డిక్కీ దగ్గర అసలు గొడవ వచ్చింది. షోరూం నుంచి వచ్చిన కుర్రాడు "ఎక్స్‌ఈవీది 663 లీటర్లు సార్, హారియర్‌ది 502" అన్నాడు. సేటు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "లీటర్లు పాలకేంద్రమోళ్లకు చెప్పు తమ్మీ. నాకు బస్తాల్ల చెప్పు." కుర్రాడు ఫోన్‌లో వెతికాడు. ముప్పై లక్షల కారులో ఎన్ని కంది బస్తాలు పడతాయో ఇంటర్నెట్‌లో ఎవడూ రాయలేదు. చివరికి బయట డెమో కారు డిక్కీ తెరిచి, మార్కెట్ యార్డు హమాలీని పిలిపించి, ఉత్త గోనె సంచులు మడిచి పెట్టి చూశారు. హమాలీ ఒకసారి లోపలికి తొంగి చూసి తీర్పు చెప్పాడు: "ఆటో ట్రాలీ నయం సేటూ."

రేంజి సంగతి. పెద్ద బ్యాటరీ పెడితే ఎక్స్‌ఈవీ 656 కిలోమీటర్లు పోతుంది, వెనక చక్రాల హారియర్ 627. ఈ అంకెలు ల్యాబులో రోలర్ల మీద కారు నిలబెట్టి తీసినవి. రోలర్ల మీద గుంతలుండవు, గేదెలుండవు, నాపరాళ్ల లారీ ఎదురు రాదు. అయినా ఆ 29 కిలోమీటర్ల తేడా మీద మామా అల్లుళ్లు రాత్రి పదింటి దాకా వాదించారు. ఆ తేడాతో తాండూరులో బయల్దేరితే వికారాబాద్ కూడా చేరరు. పోనీ హైదరాబాద్ పోయి రావాలన్నా, చెప్పిన దాంట్లో సగం పోయినా రెండు కార్లకూ చాలు. కానీ చాలు అనుకుంటే వాదన ఎట్లా నడుస్తుంది?

వేగం. సున్నా నుంచి వందకు నాలుగు చక్రాల హారియర్ 6.3 సెకన్లు, ఎక్స్‌ఈవీ 6.8. ఈ అర సెకను మీద బామ్మర్దికి మహా గర్వం. సిమెంటు ఫ్యాక్టరీ లారీ వెనక ముప్పావు గంట ఇరవై స్పీడులో పోయేవాడికి, ఆ మిగిల్చిన అర సెకను ఏ బ్యాంకులో వేయాలో మాత్రం చెప్పలేదు.

ఇక సౌకర్యాలు. ఎక్స్‌ఈవీలో వరుసగా మూడు తెరలు, ఒక్కోటి 12.3 అంగుళాలు. "ఇంట్ల ఉన్న ఒక్క టీవీనే చూసేటోళ్లు లేరు" అని లోపలి నుంచి సేటు భార్య. ఇంజన్ లేని కారుకు చప్పుడు ఉండదు కాబట్టి ఏ.ఆర్. రెహమాన్ చేత చప్పుళ్లు చేయించారు. నాపరాయి పాలిషింగ్ మిషన్ల మధ్య పుట్టిపెరిగిన తాండూరు చెవికి రెహమాన్ వినబడతాడా అన్నది వేరే ప్రశ్న. హారియర్ నాలుగు చక్రాల మోడల్‌లో మంచుకు ఒక మోడ్, ఇసుకకు ఒకటి, బురదకు ఒకటి, రాళ్లకు ఒకటి. మంచు ఒక్కటి తప్ప మిగతావన్నీ బస్టాండు దాకా పోయేలోపే వాడుకోవచ్చని బామ్మర్ది సంతోషం.

హారియర్‌కు ఇంకో వింత ఉంది. కారు కింద నేల ఎలా ఉందో కెమెరాలతో తెర మీద చూపిస్తుంది. కుర్రాడు గర్వంగా చూపించాడు. సేటు మర్యాదగా అడిగాడు: "గుంతల పడ్డంక గుంత చూపిస్తే ఏం ఫాయిదా తమ్మీ?"

ఛార్జింగ్ లెక్క మరీ రమ్యం. కంపెనీ చెప్పిన పెద్ద ఫాస్ట్ ఛార్జర్ దొరికితే ఇరవై శాతం నుంచి ఎనభైకి ఎక్స్‌ఈవీ 20 నిమిషాలు, హారియర్ 25. ఆ సైజు ఛార్జర్ ముందు దొరకాలి. దొరికినా పనిచేయాలి. పనిచేసినా, దాని ముందు అడ్డంగా పెట్టిన పెట్రోలు కారు ఓనరు ఫోన్ ఎత్తాలి. ఇంటి దగ్గర 7.2 కిలోవాట్ల ఛార్జర్‌తో 79 యూనిట్ల బ్యాటరీ అడుగు నుంచి నిండాలంటే పదకొండు గంటల పైనే. కరెంటు బిల్లు మాట రాగానే బామ్మర్ది గొంతు తగ్గించాడు. "బావా, బాయికాడి మోటరుకు ఫ్రీ కరెంటే గదా. రాత్రి కారును ఆడ కట్టేద్దాం." సేటు కొడుకు దిగ్భ్రాంతి చెందాడు. "మామా, అది వ్యవసాయానికి!" "కారేసుకుని పొలం చూడ పోతం గదరా. మరి గది వ్యవసాయం కాదా?" రైతుబంధు పైసలు వచ్చిన రోజుల్లోనే ఏది వ్యవసాయమన్న నిర్వచనాల మీద మనవాళ్లకు పట్టు చిక్కింది.

అన్నిటికంటే చివర భద్రత. ఇక్కడ వాదన పొసగలేదు. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో రెండింటికీ ఐదు నక్షత్రాలే. పెద్దల భద్రతకు రెండింటికీ 32కి 32. పిల్లల భద్రతకు రెండింటికీ 49కి 45. ఒక్క మార్కు తేడా లేదు. కారును గోడకేసి కొట్టి మార్కులేసే సంస్థ దేశంలో ఉంది. ఆ కారు పోవాల్సిన మా రోడ్డుకు ఎన్ని మార్కులో మాత్రం గదిలో ఎవరికీ తెలియదు.

ఆ మాట దగ్గర గదిలో నవ్వులు ఆగిపోయాయి. 2025 నవంబర్ 3న తాండూరు డిపో బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొన్నది. 19 మంది పోయారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు వెడల్పు చేయాల్సిన రోడ్డది. రోడ్డు పక్క మర్రిచెట్ల కేసు అని ఏళ్లు గడిచాయి. చెట్లను ఉంచి రోడ్డు ఎట్లా వేయాలో తేల్చడానికి అన్నేళ్లు పట్టాలా అని అడిగినవాడు అభివృద్ధి వ్యతిరేకి. రోడ్డు ముందు కావాలన్నవాడు చెట్ల వ్యతిరేకి. టిప్పర్‌కు ఏ వ్యతిరేకతా లేదు. ఆ బస్సులో ఉన్నవాళ్లెవరూ ఏ రెండు కార్లనూ పోల్చి చూసుకుని ఎక్కలేదు. నక్షత్రాలు కొనుక్కోగలిగినవాడికి ఐదు, టికెట్టు కొనుక్కున్నవాడికి సున్నా.

కాసేపటికి సేటు తండ్రిని వెనక సీట్లో కూచోబెట్టి చూశారు. మోకాళ్ల నొప్పుల పెద్దమనిషి. బ్యాటరీ కింద ఉండడంతో నేల ఎత్తు. ఎందులో కూచున్నా ఆయన మోకాళ్లు పైకొచ్చాయి. "నన్ను పట్నం దవాఖానకు తోలుకపోనీకేనా గిదంత?" అన్నాడు. అవునన్నారు. "కరెంటు బండే కావాలంటే టేషన్‌ల ఆగుతలేదా?" అని దిగిపోయాడు. వాడి జంక్షన్ నుంచి తాండూరు మీదుగా సికింద్రాబాద్‌కు నిజాం కాలంలో 1874లో వేసిన లైనది. ఇప్పుడు కరెంటు మీదే నడుస్తోంది. రేంజి బెంగ లేదు, గుంతలు లేవు, ఈఎంఐ లేదు. మంగళవారం పెద్దాయన ఎక్కి పోయాడు కూడా. ఫ్యామిలీ కారు ఏది కొనాలన్న చర్చ ఫ్యామిలీలో పెద్ద లేకుండానే కొనసాగింది.

షోరూం కుర్రాడికి టార్గెట్ ఉంది, ఓపిక అయిపోయింది. చివరి అస్త్రం తీశాడు. "సార్, టాక్స్ మాఫీ 2026 డిసెంబర్ 31 దాకే. తర్వాత టాక్స్ పడితే లక్షల మాట. ఇప్పుడే బుక్ చేసేయండి."

సేటు ఆశగా ముందుకు వంగాడు. "టాక్స్ పడితే రోడ్డు పడుతదా తమ్మీ? పడేటట్టుంటే జనవరిల కొంట."

కుర్రాడు రెండు బ్రోచర్లూ మొదటి నుంచి తిరగేశాడు. ఏ వేరియంట్‌లోనూ ఆ ఫీచర్ లేదు.