గన్ను ముక్కు పద్యం: టీకా తాత్పర్యం

మూలం

గన్ను ముక్కు లోన గడ్డకట్టకయుండ
చుక్క మందు వేయి చూచి చూచి
ఆరకున్న రంగు హాయిగా నీళ్లతో
కడుగు మారెనేని కరగ స్పిరిటు

ప్రతిపదార్థం: గన్ను ముక్కు లోన = 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల రంధ్రం గల ఎయిర్ బ్రష్ నాజిల్‌లో; గడ్డకట్టకయుండ = ఆక్రిలిక్ రంగు సూదికి పట్టేయకుండా; మందు = రిటార్డర్ గాని, ఫ్లో ఇంప్రూవర్ గాని (వేరొకటి తలచరాదు); చుక్క = చుక్క మాత్రమే; వేయి = వేయుము; కడుగుము + ఆరెనేని = కడుగు, ఎండిపోయిందంటే; కరగ = కరగడానికి; స్పిరిటు = ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

తాత్పర్యం: ఆక్రిలిక్ రంగులో ప్లాస్టిక్ రేణువులు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరైతే అవి అతుక్కుని పొర కడతాయి; ఆ పొర మళ్లీ నీటికి లొంగదు. గాలి జోరుగా తగిలే సూది మొన మీద ఈ పని అన్నిటికంటే ముందు జరుగుతుంది. రిటార్డర్‌లోని గ్లైకాల్ వంటి ద్రవాలు ఆరడాన్ని ఆలస్యం చేస్తాయి. ఫ్లో ఇంప్రూవర్ తలతన్యతను తగ్గించి రంగును సాఫీగా పారిస్తుంది. సిరిసిల్ల అద్దకం పనివారికి తెలిసిన వెట్టింగ్ ఏజెంట్ గుణమూ ఇదే.

విశేషం: ‘చూచి చూచి’ అన్న ద్విరుక్తి పాదపూరణకు వచ్చింది కాదు, చూడవలసింది రుతువును. వినాయక విగ్రహాలకు పేరున్న కోరుట్లలో చవితి పని వేసవి నుంచి వానల దాకా సాగుతుంది. పెద్ద ఒంటికి స్ప్రే గన్ చాలు. కళ్ల అంచులకు, చెంపల ఛాయకు ఎయిర్ బ్రష్ కావాలి. వేసవి పొడిగాలిలో రిటార్డర్ లేనిదే సూది కదలదు. వానల్లో రంగు తనంత తానే ఆలస్యంగా ఆరుతుంది. అప్పుడూ మందు పోస్తే స్వామి చవితినాటికీ జిగురుగానే ఉంటాడు. ‘చుక్క’కు బదులు ‘మూత’ అని చదివేవారున్నారు గాని, ఆ పాఠం గ్రాహ్యం కాదు. ఫ్లో ఇంప్రూవర్ మూతెడు పడితే నురగ వస్తుంది, రంగు కారుతుంది.

నీళ్లు ముందు, స్పిరిటు తరువాత అన్న క్రమమూ సాభిప్రాయమే. నీళ్లకు బదులు జగిత్యాల హార్డ్‌వేర్ షాపులో థిన్నర్ పేర దొరికే ఎన్.సి. థిన్నర్ తడి ఆక్రిలిక్‌లో పడితే రంగు పాలలా విరిగి నాజిల్‌ను మూసేస్తుంది. ఎండిన మరకను అది కరిగించగలదు, కానీ రబ్బరు రింగులను ఉబ్బిస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తోనూ గన్ను శుభ్రపడుతుంది. అందులో ఇత్తడి భాగాలను నానబెడితే లోహం చెడుతుంది. బ్లీచింగ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. ఆటవెలదిలో చోటు చాలక కాబోలు, కవి ఈ సంగతి వదిలేశాడు.