తొలి పీరియడు: టీకా తాత్పర్య సహితము

మూలము

“గుడ్ మార్నింగ్ పిల్లలూ. కూర్చోండి. సైలెన్స్, సైలెన్స్. ఈ రోజు మనం ఒక మంచి పద్యం నేర్చుకుందాం. అర్థమైందా?”

అవతారిక

బి.ఇడి.లో తెలుగు మెథడ్ తీసుకున్న ఛాత్రోపాధ్యాయుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఎనిమిదో తరగతిలో మొట్టమొదటిసారి నోరు విప్పినప్పుడు వెలువడిన గద్యమిది. కర్త ఒక్కడు కాడు. ఏటా కొత్త కర్తలు పుడతారు, మూలం మాత్రం పెద్దగా మారదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం బి.ఇడి. రెండేళ్ల కోర్సయింది. బడిలో గడపవలసిన కాలం మొత్తం 20 వారాలు. ఈ గద్యం ఆ కాలానికి నాందీ వాక్యం.

మెదక్ సీమ కొల్చారానికి చెందిన కొలచలమ మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు సంజీవని రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేశాడు. ప్రస్తుత వ్యాఖ్య ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని పాటిస్తుంది. ఆముక్తమాల్యదకూ శృంగార నైషధానికీ విపులంగా వ్యాఖ్యలు రాసిన వేదం వేంకటరాయశాస్త్రి గారి కంట ఈ మూలం పడలేదు గనుక ఇక్కడ పూర్వ వ్యాఖ్యాతలతో పేచీ లేదు.

ప్రతిపదార్థము

గుడ్ మార్నింగ్: ఈ మాట ముందు పిల్లల నోట రావాలి, సారు బదులు చెప్పాలి. అది బడి సంప్రదాయం. మూలకర్త గడప దాటుతూనే తానే అనేశాడు. దాంతో పిల్లలు లేచి, తమ వంతు వదులుకోకుండా, ఒక్కో అక్షరాన్నీ సాగదీస్తూ మళ్లీ చెప్పారు. దానికి మూలకర్త ఇంకోసారి బదులిచ్చాడు. మర్యాద ఇచ్చిపుచ్చుకోవడానికే ఒక నిమిషం పట్టింది. పాఠ్యపథకంలో దీనికి కేటాయించిన కాలం ఏమీ లేదు.

పిల్లలూ: సంబోధన ప్రథమ. వాచ్యార్థంలో ఎదురుగా ఉన్న నలభై మందీ. కాని మూలకర్త చూపు మొదటి బెంచీని దాటదు. దాటితే ఒక్కసారిగా చివరి గోడ దగ్గరికి వెళుతుంది. అక్కడ అసలు తెలుగు సారు యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నారు. ఆయన పక్కన పరిశీలన పత్రాలు ఒళ్లో పెట్టుకుని ఇద్దరు తోటి ఛాత్రోపాధ్యాయులు ఉన్నారు. కాబట్టి వ్యంగ్యార్థంలో ‘పిల్లలూ’ అంటే ‘పరిశీలకులారా’ అని. ధ్వనికారుడు ఆనందవర్ధనుడు ఈ ఉదాహరణను తప్పక మెచ్చేవాడు.

కూర్చోండి: అందరూ కూర్చున్నారు, కిటికీ పక్కన ఒకడు తప్ప. మూలకర్త రెండోసారి, మూడోసారి చెప్పాడు. వాడు కదల్లేదు. ఇది ధిక్కారమని కొందరి మతం. అది పొసగదు. ముందు పీరియడులో హోంవర్కు తేలేదని లెక్కల సారు వాణ్ని నిలబెట్టి వెళ్లారు, కూర్చోమని చెప్పడం మరిచారు. లెక్కల సారు ఆజ్ఞను బి.ఇడి. సారు రద్దు చేయగలడా అన్న ధర్మసందేహంలో వాడున్నాడు. తరగతిలో అధికార క్రమం పిల్లలకు తెలిసినంత బాగా కొత్త సారుకు తెలియదనడానికి ఇది ప్రబల నిదర్శనం. పైగా మూలకర్త వాడితో “మీరెందుకు నిలబడ్డారండీ?” అన్నాడు. కాలేజీలో సహాధ్యాయులనే విద్యార్థులనుకుని పాఠం చెప్పిన అలవాటది. పదమూడేళ్ల వాణ్ని ‘అండీ’ అనేసరికి తరగతి గొల్లుమంది. వాడు మాత్రం గంభీరంగానే ఉన్నాడు.

సైలెన్స్, సైలెన్స్: ఆమ్రేడితం. మాట రెట్టించినకొద్దీ గోల కూడా రెట్టించింది. వెనక కూర్చున్న తెలుగు సారు దిద్దుతున్న పేపరు మీంచి తల ఎత్తారు. అంతే, తరగతి సద్దుమణిగింది. ఆయన ఏమీ అనలేదు. ఈ విద్య ఏ మెథడ్ పుస్తకంలోనూ కనిపించదు.

ఈ రోజు: రికార్డులో తేదీ గడిని నింపే పదం. వ్యాఖ్య అనవసరం.

మనం: వక్తనూ శ్రోతలనూ కలుపుకునే మాట. మర్యాద కోసం వాడాడు గాని, వాస్తవంగా కూడా సరిపోయింది.

ఒక మంచి పద్యం: ఇక్కడ మూలకర్త శాస్త్రం తప్పాడు. పాఠం పేరును ఉపాధ్యాయుడు చెప్పకూడదు, ఉన్ముఖీకరణ ప్రశ్నలతో పిల్లల నోటనే రప్పించాలి, ఆపైన శీర్షికా ప్రకటన చేయాలి. జర్మన్ విద్యావేత్త హెర్బార్టు శిష్య పరంపర తీర్చిన సోపానాల నుంచి మన శిక్షణ కళాశాలల దాకా దిగివచ్చిన నియమమిది. తప్పు గ్రహించిన మూలకర్త వెంటనే పథకంలోని ప్రశ్నకు మళ్లాడు. ఎంచుకున్నది కోపం గురించిన సుమతీ శతక పద్యం. కావలసిన జవాబు ‘కోపం’.

“ఎవరైనా మిమ్మల్ని కొడితే మీకేం వస్తుంది?”

“ఏడుపు సార్.”

“ఇంకా?”

“వాపు సార్.”

“అది కాదు. లోపల... మనసులో ఏం వస్తుంది?”

“మా నాన్నకు చెప్పాలని వస్తుంది సార్.”

మూడు జవాబులూ సత్యాలే. ఒక్కటీ పథకంలో లేదు. ఇందుకు కారణం వెతకడం వ్యాఖ్యాత విధి. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న సూక్ష్మబోధన మన దేశంలో 36 నిమిషాల చక్రంగా స్థిరపడింది. బోధనకు 6 నిమిషాలు, విమర్శకు 6, పథకం మార్చుకోవడానికి 12, పునర్బోధనకు 6, పునర్విమర్శకు 6. ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి సాన పట్టడానికి ఇది మంచి పద్ధతే. చిక్కల్లా విద్యార్థుల వేషం వేసేది సహాధ్యాయులు కావడం. వారికి జవాబు ముందే తెలుసు. తమ వంతు వచ్చినప్పుడు ఇతడూ సహకరించాలి గనుక, అడిగీ అడగకముందే ‘కోపమండీ’ అనేస్తారు. అలా సాన పట్టిన ప్రశ్న నిజమైన బెంచీల మీద ‘వాపు’ దగ్గర ఆగిపోయింది.

చివరికి ‘కోపం’ అన్న మాట మూలకర్తే చెప్పి, పిల్లలు చెప్పినట్టే భావించి, నల్లబల్ల మీద రాశాడు. అక్షరాలు ఎడమ అంచు దగ్గర గుండ్రంగా మొదలై కుడి అంచుకు చేరేసరికి జానెడు కిందికి దిగాయి. మేకుకు తగిలించిన చార్టు రెండుసార్లు తనంతట తాను చుట్టుకుపోయింది. ముందు బెంచీ అమ్మాయి లేచి, ఎవరూ అడగకుండానే, దాని కింది అంచును డస్టరుతో అదిమి పట్టుకుంది. ఆ రోజు బోధనాభ్యసన సామగ్రిలో పనికొచ్చింది ఆ అమ్మాయే.

తరవాత ఆదర్శ పఠనం. కంద పద్యం. మూలకర్త రాత్రంతా సాధన చేసిన రాగంతో మొదలెట్టాడు. రెండో పాదంలో గొంతు పట్టేసింది. అప్పుడు వెనక బెంచీల నుంచి పద్యం అందుకున్నారు. కింది తరగతుల్లో వల్లె వేసిన పద్యమే. ‘సుమతీ’ దగ్గరికి సారుకంటే పిల్లలే ముందు చేరారు. విద్యార్థుల పూర్వజ్ఞానం అన్న గడిలో మూలకర్త ‘శతక పద్యాల గురించి కొంత తెలుసు’ అని రాసుకుని ఉన్నాడు.

అర్థమైందా: మూలానికి జీవగర్ర. పద్యం పేరైనా చెప్పకముందే ఈ మాట ఒకసారి వచ్చిందన్నది గమనార్హం. ఆపైన పద్యం తరవాత, ప్రతిపదార్థం తరవాత, భావం తరవాత, ఊపిరి తీసుకున్న ప్రతిచోటా వచ్చింది. ప్రతిసారీ ఒకే బదులు: “అర్థమైంది సార్.” నలభై గొంతులు, ఒకే శ్రుతి.

ఈ ప్రశ్నకు అర్థభేదాలున్నాయి. ఒకటి, నిజంగా తెలుసుకోవాలని అడగడం. ఇది అరుదు. రెండు, తరవాత ఏం చెప్పాలో గుర్తుకు రాక పథకం కాగితం వైపు చూసుకునేందుకు వ్యవధి సంపాదించడం. మూడు, నిశ్శబ్దాన్ని పూడ్చడం. అలాగే జవాబుకూ భేదాలున్నాయి. ‘అర్థమైంది’ అంటే ‘కానివ్వండి’ అని, ‘నన్ను లేపకండి’ అని, ‘గంట కొట్టే వేళయింది’ అని. అర్థం కాని పిల్లవాడు లేచి “నాకు కాలేదు సార్” అనడు. అంటే నలభై మందిలో తానొక్కడే మొద్దు అనిపించుకోవాలి. అర్థం కాలేదని తెలియాలన్నా కొంత అర్థమై ఉండాలి. కనుక ఈ ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబు రావడం దాదాపు అసంభవం. రెండో జవాబుకు చోటులేనిది ప్రశ్న ఎలా అవుతుంది? ప్రశ్నార్థక చిహ్నం ఉన్నంత మాత్రాన కాదు.

అమెరికాలో సైన్సు తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని 1970ల్లో చూపింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ పెరుగుతాయని కూడా తేల్చింది. తొలి పీరియడులో మూడు సెకన్ల నిశ్శబ్దం అంటే యుగం. గడియారం ఆగిపోయినట్టుంటుంది, వెనక పెన్ను కదులుతున్న చప్పుడు వినబడుతుంది. అందుకే మూలకర్త ఒక్క సెకనైనా ఆగకుండా తన ప్రశ్నకు తానే జవాబు చెప్పి, “అర్థమైందా?” అని ముక్తాయించాడు.

ఇక్కడ ఒక ప్రత్యుదాహరణ. భావం చెప్పడం ముగిశాక తెలుగు సారు వెనక నుంచి, పేపర్లు మూయకుండానే, ఇందాక నిలబడ్డవాణ్ని పలకరించారు.

“ఒరేయ్, దయ మనకు ఏమవుతుందన్నాడ్రా కవి?”

వాడు కాసేపు పైకప్పు చూశాడు. ఆయన తొందరపెట్టలేదు.

“చుట్టం సార్.”

“చుట్టం ఇంటికొస్తే మీ అమ్మ ఏం చేస్తుంది?”

“కోడి కోస్తాం సార్.”

నవ్వులు. ఆయన నవ్వలేదు. “ఊరికే కోస్తారా? ఆ చుట్టం మనకు ఎప్పుడైనా అక్కరకొస్తేనా?”

“అమ్మకు బాగాలేనప్పుడు మా పెద్దమ్మొచ్చి పది రోజులుంది సార్.”

“ఆఁ. దయ అలాంటి చుట్టమన్నమాట. నువ్వు ఒకరి మీద చూపిస్తే నీకు అక్కరైనప్పుడు వస్తుంది. కూర్చో.”

వాడు కూర్చున్నాడు. లెక్కల సారు ఆజ్ఞ రద్దయింది. మూలకర్త పది నిమిషాలు ఉపన్యసించినా తేలని భావం మూడు ప్రశ్నల్లో తేలింది. ఆ మూడింటిలో ‘అర్థమైందా’ లేదు.

పాఠాంతరములు

‘అర్థమైందా’ అన్న చోట తెలంగాణలో ‘సమజైందా’, కొన్నిచోట్ల ‘తెలిసిందా’, ప్రైవేటు బళ్లలో ‘ఓకేనా’, ఇంటర్ కోచింగు తరగతుల్లో ‘క్లియర్?’ అని కనబడుతుంది. జవాబులో పాఠభేదం లేదు.

వ్యాకరణ విశేషములు

అర్థము, అయినది, ప్రశ్నార్థక ఆకారం. ఇంతగా కలిసి కరిగిన రూపాన్ని 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి సాధించలేదు, సాధించవలసిన పనీ ఆయనకు లేదు. గమనించవలసింది మరొకటి. మూలమంతా వాడుక భాష. మూలకర్త రికార్డులోనేమో “విద్యార్థులు పద్యభావమును గ్రహించుదురు”, “విచక్షణతో స్వీకరించెదరు” అని ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి (1863–1940) బడిపుస్తకాల్లోకి వాడుక భాష రావాలని దశాబ్దాలు పోరాడారు. పుస్తకాల్లోకి వచ్చింది. పత్రికల్లోకి వచ్చింది. పాఠ్యపథకాల రికార్డులోకి ఇంకా పూర్తిగా రాలేదు. అక్కడ పిల్లలు నేటికీ గ్రహించుదురు.

ఛందస్సు: గద్యం. యతి, గుటక మింగిన చోట. ప్రాస, ‘సార్’.

తాత్పర్యము

పిల్లలారా, నేను ఇంతకుముందు మీ ఎదుట ఎన్నడూ నిలబడలేదు. వెనక ముగ్గురు రాస్తున్నారు. కాగితంలో ఉన్నట్టు మీరు జవాబులు చెబితే నలభై అయిదు నిమిషాలు గట్టెక్కుతాను, అని భావం.

విశేషాంశములు

నలభై అయిదు నిమిషాలకు రాసుకున్న పథకం ఇరవై అయిదో నిమిషానికే అయిపోయింది. ఇంటిపని కూడా ఇచ్చేశాక మిగిలిన కాలాన్ని పిల్లలే నడిపారు. “సార్, మీదే ఊరు?”, “సార్, మీరెన్ని రోజులుంటారు?”, “సార్, ఒక కథ చెప్పండి.” మూలకర్త కథ చెప్పాడు. అందులో ఒక్కసారీ ‘అర్థమైందా’ అనలేదు, అనవలసిన అవసరం రాలేదు. ముందుకు వంగిన తలలే చెబుతున్నాయి. పరిశీలకుల పత్రంలో కథకు గడి లేదు గనుక దానికి మార్కులు పడలేదు.

సాయంత్రం రికార్డు మీద ఎర్ర సిరాతో “నల్లబల్ల పని మెరుగుపడాలి” అని ఒక వాక్యం, సంతకం పడ్డాయి. అది సబబే. కాని అంతకంటే ముందు దిద్దవలసింది ప్రశ్నల గడి. ఈ వ్యాఖ్యను చదివే ఛాత్రోపాధ్యాయులు తమ పాఠ్యపథకంలో ‘అర్థమైందా’ అని ఉన్న ప్రతిచోటా దాన్ని కొట్టేసి, అక్కడ పేరుపెట్టి ఒక పిల్లవాణ్ని అడగదగిన ఒక ప్రశ్న రాసుకోవలసిందని, అడిగాక మనసులో మూడు లెక్కపెట్టవలసిందని ప్రార్థన.